సాంబయ్య చేలో కాపరి

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం. మంచు బాగా పట్టింది, ఎండ ఆలస్యంగా వచ్చింది. పెరట్లో నీళ్ల తొట్టి పాచి పట్టి ఉంటే చీపురుతో రుద్ది కడిగి నింపాను. బాబాయి పోయాడు.

ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్నది ఇంతే. నేను కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. వచ్చిన మిర్చి బస్తాలు, వెళ్లిన బస్తాలు రాయడం నా పని. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోక, రోజు ఎలా గడిచిందో రెండు మూడు వాక్యాల్లో రాసుకుంటాను. అంతకంటే ఎక్కువ రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. చదువు కూడా ఎరువుల బస్తాల మీది అక్షరాలు, పొట్లాలు కట్టి ఇచ్చిన పాత పేపర్లు చూసి నాకు నేను నేర్చుకున్నదే. తప్పులుంటే మీరు సర్దుకుని చదవాలి.

బాబాయి నాకు రక్తసంబంధీకుడు కాదు. మా పేటలో మాది పక్క పక్క ఇళ్లు. చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలిచాను. ఆ పొద్దున తొట్టి నిండుతుండగా ఆయన కూతురు రూతు గోడ మీదుగా, "అన్నయ్యా, నాన్న లేవట్లేదు, ఒకసారి రా" అంది. వెళ్లి చూశాను. దుప్పటి మెడ దాకా కప్పుకుని ఉన్నాడు. గోళ్ల సందుల్లో ఎర్రమన్ను ఉంది. ముందు రోజు సాయంత్రం కూడా సాంబయ్య చేలోకి వెళ్లి వచ్చాడన్న మాట.

ఆయన్ని తలచుకోవడానికి చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమంది రూతు. లేచాను. "బాబాయి మంచివాడు" అన్నాను. అందరూ మిగతాది వినడానికి చూస్తున్నారు. ఆయన ఏం చేసేవాడో చెబుదామంటే దాన్ని ఏమనాలో తెలియలేదు. కూర్చున్నాను. ఇప్పటికీ తెలియదు గాని, ఇక్కడ ఎవరూ నా మొహం చూడరు కాబట్టి రాస్తున్నాను.

బాబాయి బొమ్మలు చేసేవాడు. చేలో పెట్టే దిష్టిబొమ్మలు. వాటిలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే. ఆయన పోయిన రోజుకి అది సాంబయ్య మిరప చేలో, రోడ్డు పక్కన, మంచుకి కొద్ది కొద్దిగా కరిగిపోతూ ఉంది. దాన్ని ఇంటికి తెచ్చుకోవాలని రూతు. కదపడానికి వీల్లేదని సాంబయ్య. మధ్యలో నేను. ఎవరి మాట విన్నా అదే నిజమనిపించేది.

మా వైపు రోడ్డు పక్క చేను బాగా కాస్తే రైతుకి భయం. బస్సులో పోయేవాళ్లు, బండ్ల మీద పోయేవాళ్లు "అబ్బ, ఏం కాపు!" అంటారు. ఆ మాట పడితే చేనుకి దిష్టి తగులుతుందని నమ్మకం. అందుకని కర్ర పాతి, పాత చొక్కా తొడిగి, పైన మసి కుండ బోర్లించి సున్నం బొట్లు పెడతారు. ఎంత వికారంగా ఉంటే అంత మంచిది. చూపు ముందు దాని మీద పడాలి, చేను మీద కాదు.

బాబాయి మిగతా ఏడాదంతా అందరిలాగే కూలికి వెళ్లేవాడు. పురుగుమందు కొట్టేవాడు, కలుపు తీసేవాడు, కోతల్లో బస్తాలు ఎత్తేవాడు. చేలు పూతకొచ్చే రోజుల్లో మాత్రం ఎవరైనా వచ్చి "బొమ్మ కావాలయ్యా" అంటే కూలి పని మానేసి వసారాలో కూర్చునేవాడు. కుండ పెట్టేవాడు కాదు. గోనెపట్టాతో తల కుట్టి, లోపల జిన్నింగు మిల్లు వాళ్లు పారేసిన దూది కూరి, పైన చింతగింజల జిగురులో నానబెట్టిన కాగితం గుజ్జు మెత్తి మొహం తీర్చేవాడు. రంగులంటే ఎర్రమన్ను, పొయ్యి మసి, సున్నం. ఒళ్లు సరుగుడు కర్ర, వరిగడ్డి. వేళ్లు పత్తికట్టె పుల్లలు.

వికారంగా మాత్రం ఉండేవి కాదు. మనుషుల్లా ఉండేవి. అదే పెద్ద తిప్పలు. ఒకసారి మిరపకోతలకి వేరే ఊరి నుంచి కూలీల ఆటో వచ్చింది. డ్రైవరు చేను గట్టు దగ్గర ఆపి, "ఏం పెద్దాయనా, శేషయ్య గారి కల్లానికి ఎట్టా పోవాలి?" అని బొమ్మని అడిగాడు. జవాబు రాలేదు. మళ్లీ అడిగాడు. "ఏందయ్యా, చెవుడా?" అన్నాడు. ఆటోలో ఆడవాళ్లు, "ఒరేయ్, నీ మొహం చూసి మాట్లాడబుద్ధి కావట్లేదేమోరా" అని ఆటపట్టించారు. డ్రైవరు కోపంగా దిగి వెళ్లి దగ్గరకి చూసి, గమ్మున వచ్చి బండి ఎక్కాడట. ఆ రోజంతా వాళ్ల కోత సాగలేదు, నవ్వుకోవడంతోనే సరిపోయింది.

ఆ బొమ్మ పెట్టించుకున్న రైతు బాబాయి మీదకి వచ్చాడు.

"దిష్టిబొమ్మ చెయ్యమంటే మనిషిని చేశావేందయ్యా? ఇప్పుడు దీన్ని చూడ్డానికే జనం ఆగుతున్నారు."

"ఆగనీ. దీన్నేగా చూసేది, చేనుని కాదుగా" అన్నాడు బాబాయి.

అది తెలివైన మాటో, తప్పించుకునే మాటో ఆయన మొహం చూస్తే తెలిసేది కాదు.

నేను సాయంత్రాలు వసారాలో కూర్చుని ఆయన పని చూసేవాణ్ణి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. చేతులు పని చేస్తుంటే నోరు ఖాళీ ఉండకూడదని చింతపిక్కలు వేయించినవి బుగ్గన పెట్టుకునేవాడు. ముందు కర్ర నిలబెట్టి, చొక్కా తొడిగి, గడ్డి కూరి, దాని చుట్టూ తిరిగేవాడు. ఒక భుజం దించేవాడు. మళ్లీ ఎత్తేవాడు. తల చివర.

"ఎవర్ని చేస్తున్నావు బాబాయ్?" అని అడిగితే, "ముందు నిలబడనీరా, ఎవరో తర్వాత తెలుసుద్ది" అనేవాడు.

ఇంకో మాట కూడా తరచూ అనేవాడు. "ఊరికే నిలబడ్డట్టు ఉండకూడదు. ఏదో పని మీద పోతూ ఆగినట్టుండాలి." ఒక బొమ్మ నచ్చకపోతే, "వీడికి పని లేదు" అని మొత్తం ఊడదీసేవాడు. నాకు రెంటికీ తేడా కనపడేది కాదు. రెండూ కర్రలే, రెండూ గడ్డే. కాని మర్నాడు మళ్లీ కట్టినదాన్ని చూస్తే నిజంగానే ఎటో వెళ్లాల్సినవాడిలా ఉండేది.

మొన్న డిసెంబరులో మా చర్చి అయ్యగారు బాబాయిని పిలిపించారు. ఆయనకి ఈ దిష్టిబొమ్మల సంగతి మొదటి నుంచీ నచ్చదు.

"దిష్టి ఉందని నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగారు.

"లేదయ్యగారూ."

"మరెందుకు చేస్తున్నావు?"

"వాళ్లు నమ్ముతారయ్యగారూ. నేను చేస్తానంతే."

అయ్యగారు, "సరే, ఈసారి ప్రభువు కోసం చెయ్యి. క్రిస్మస్‌కి పశువుల పాక కడుతున్నాం. ఒక కాపరి కావాలి" అన్నారు. బాబాయి ఎంత సంతోషించాడో నాకు తెలియదు. ఎప్పటిలాగే ఉన్నాడు. కాని ఆ బొమ్మ కోసం తిరిగినన్ని తిరుగుళ్లు వేరే దేని కోసమూ తిరగలేదు. కాపరి ఆకాశంలో నక్షత్రాన్ని చూస్తూ ఉండాలని అయ్యగారు చెప్పారు. తల ఎత్తి చూసే మనిషి ఎలా నిలబడతాడన్నది పట్టుకోవడానికి రోజులు పట్టింది. పాదాలు దూరంగా, ఒక చెయ్యి నడుం వెనక, గడ్డం పైకి, కింది పెదవి కాస్త ముందుకి.

పాకలో కాపరిని నిలబెట్టి, ముసుగు తీసి, పైన కాగితం నక్షత్రంలో బల్బు వెలిగించారు. ముందు వరసలో ఎవరో, "ఒరేయ్, సాంబయ్యేంట్రా ఇక్కడున్నాడు!" అన్నారు. ఆపైన పాట పాడటం అయ్యగారి వల్ల కూడా కాలేదు.

నిజంగా సాంబయ్యే. ఊళ్లో పది మందికి పని ఇచ్చే రైతు. మబ్బు పట్టిందా లేదా అని రోజుకి ఎన్నిసార్లు తల ఎత్తి చూస్తాడో, ఆ చూపు, ఆ పెదవి, నడుం వెనక ఆ చెయ్యి. అయ్యగారు దగ్గరకి వెళ్లి చూసి, "కాపరికి ఆ మీసాలేందయ్యా?" అన్నారు.

"గొర్రెలు కాసేవాళ్లకి ఉండవా అయ్యగారూ" అన్నాడు బాబాయి.

సంగతి సాంబయ్యకి చేరింది. ఆయన చర్చి గడప ఎప్పుడూ తొక్కినవాడు కాదు. మర్నాడు సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. గొడవవుతుందని మేమంతా దగ్గరకి చేరాం. పాక ముందు నిలబడి చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ తనూ ఒక చెయ్యి నడుం వెనక పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నేను ఇంత ముసలాణ్ణయ్యానా?" అన్నాడు.

బాబాయి కాపరి కాళ్ల దగ్గర గడ్డి సర్దాడు.

"నన్నింతగా ఎప్పుడు చూశావయ్యా?"

"మందు కొట్టేటప్పుడు చూస్తాంగా సాంబయ్య గారూ. మీరు మబ్బుని చూస్తుంటారు. వాన వస్తది, ఇక ఆపండ్రా అంటారేమోనని మేం మిమ్మల్ని చూస్తుంటాం."

సాంబయ్య గట్టిగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి మళ్లీ బొమ్మ వైపు చూశాడు. పండుగ అయ్యాక ఆ కాపరిని తన చేలో పెట్టమని అడిగింది ఆయనే. ఈ ఏడు చుట్టుపక్కల మిరప చేలు చాలా బొబ్బర తెగులు తగిలి ముడుచుకుపోయాయి. ఈయన చేను మాత్రం పచ్చగా నిలబడింది. రోడ్డున పోయేవాళ్లందరి చూపూ దాని మీదే. అలా పాకలో నక్షత్రాన్ని చూసిన కాపరి చేలోకి వచ్చి మబ్బుల్ని చూడటం మొదలుపెట్టాడు. ఒళ్లు మారలేదు, మొహం మారలేదు. పేరు మారింది. అయ్యగారు మాత్రం దాన్ని కాపరి అనడం మానేశారు.

జనవరి నుంచి మంచు మొదలైంది. కాగితం గుజ్జుకి మంచు పడదు. రాత్రి నానుతుంది, పొద్దున ఎండకి బీటలిస్తుంది. బాబాయి జిగురు గిన్నె పట్టుకుని రోజూ చేలోకి వెళ్లి మొహం సర్ది వచ్చేవాడు. ఒక రోజు పనికి వెళ్తూ ఆగి చూశాను. బొటనవేలు తడి చేసుకుని కింది పెదవి కింద మెల్లగా రుద్దుతున్నాడు.

"రేపు మళ్లీ మంచు పడుద్దిగా బాబాయ్" అన్నాను.

"పడుద్ది" అన్నాడు. రుద్దడం ఆపలేదు.

ఇంకేమైనా అడగాల్సింది. కాని మేం అలాంటివి ఒకరినొకరం అడిగేవాళ్లం కాదు.

ఆయన పోయాక మొహం సర్దేవాళ్లు లేరు. మొదట ఒక కనుబొమ్మ రాలింది. తర్వాత ముక్కు కొస. రూతు చీరాలలో టైలరింగు షాపులో జాకెట్లు కుడుతుంది. రోజూ బస్సులో వెళ్తూ, వస్తూ కిటికీలోంచి చూసేది. వచ్చి నాతో చెప్పేది. "ఇవాళ మీసం ఒక పక్క పోయిందన్నయ్యా." కూడిక రోజు కూడా ఏడవని పిల్ల, ముక్కు పోయిన రోజు మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

"నాన్న చేసినవన్నీ చేలల్లోనే చెదలు పట్టి పోయాయి. ఒక్కటి కూడా ఇంట్లో లేదు. ఉన్నప్పుడు నాకూ తోచలా. ఇదొక్కటన్నా ఉంచుకోవాలి, నువ్వు సాంబయ్య గారితో మాట్లాడు."

మాట్లాడటం నాకు చేతకాని పని. ఆ లోగా ఆమె షాపు పైన అద్దెకుండే డ్రాయింగు మాస్టారు ఆమె ఫోనులో కాపరి ఫొటో చూశాడు. చీరాలలో ఒక ప్రదర్శన పెడుతున్నామని, దాన్ని అక్కడ పెట్టవచ్చని, మొహం కూడా బాగు చేస్తానని అన్నాడు. ఆదివారం స్వయంగా వచ్చాడు. ముగ్గురం చేలోకి వెళ్లాం. సాంబయ్య గట్టు మీద ఉన్నాడు.

మాస్టారు బొమ్మ చుట్టూ తిరిగాడు. బాబాయి తిరిగినట్టే తిరిగాడు. అది నాకు నచ్చింది.

"ఇది శిల్పం అండీ. ఎండకీ మంచుకీ వదిలేస్తే పాడైపోతుంది" అన్నాడు.

"పాడవ్వడానికే పెట్టింది మాస్టారూ" అన్నాడు సాంబయ్య. "చేనుకి తగిలేదంతా దానికి తగలాలి. అది చెడకపోతే నా చేను చెడుద్ది. ముక్కు పోయిందంటే పని చేస్తందనే గదా."

"మంచుకి పోయిందండీ అది."

"దేనికి పోయిందో నీకు తెలుసా, నాకు తెలుసా? మందు కొట్టాను, బొమ్మ పెట్టాను. చేను నిలబడింది. ఏది నిలబెట్టిందో నేను చెప్పలేను. కోతలయ్యే దాకా రెండిట్లో ఏదీ తీసే ధైర్యం నాకు లేదు."

రూతు ముందుకొచ్చింది. "చెడిపోవాలనే అయితే మా నాన్న రోజూ వచ్చి ఎందుకు సర్దాడు సాంబయ్య గారూ? పోకుండా ఉండాలనేగా?"

"మళ్లీ తగలడానికి సర్దాడమ్మా. మొహం లేకపోతే చూపు ఎక్కడ ఆగుద్ది?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. సర్దుతుంటే దగ్గరుండి చూసినవాణ్ణి నేనే. "పడుద్ది" అన్న ఒక్క మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు. అదే చెప్పాను. ఇద్దరూ తమకి కావలసిందే నేను చెప్పినట్టు తల ఊపారు.

మాస్టారు మాత్రం నాతో మెల్లగా అన్నాడు. "ఇరవై ఏళ్లుగా పిల్లలకి బొమ్మ ఎలా వెయ్యాలో చెబుతున్నానండీ. ఎందుకు వెయ్యాలో ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలియదు."

ఆయనకే తెలియకపోతే నాకెలా తెలుస్తుందని కొంచెం ధైర్యం వచ్చింది. మాట కలిపాను. "సాంబయ్య గారూ, దీని చోట ఇంకొకటి పెడితే ఒప్పుకుంటారా? కుండ బోర్లించి మేమే పెడతాం."

"కుండైతే నేను పెట్టుకోలేనా?" అన్నాడు. తర్వాత రూతు మొహం చూసి, "మీ నాన్న చేసింది తీస్తే ఆ చోట నిలబడేది మీ ఇంట్లోంచే రావాలమ్మా. ఎట్టా ఉన్నా సరే. అది నిలబడ్డాకే ఇది కదలాలి" అన్నాడు.

అలా ఒప్పందం కుదిరింది. చేసేవాళ్లు మాత్రం లేరు.

ఒళ్లు రూతు కుట్టింది. కుట్టుపని ఆమెకి వచ్చు గనక భుజాలు, చేతులు చక్కగా వచ్చాయి, జాకెట్టు చేతుల్లా. తల నన్ను చెయ్యమంది.

"నాకేం వచ్చమ్మా?"

"నీ దస్తూరీ బాగుంటది గదా అన్నయ్యా. చెయ్యి వణకదు."

దస్తూరీకీ తలకీ ఏం సంబంధమో తెలియదు. కోల్డ్ స్టోరేజీకి సెలవు పెట్టి బాబాయి వసారాలో కూర్చున్నాను. గుజ్జు ఆయన చేసినట్టే చేశానని అనుకున్నాను, పల్చనైంది. మొహం తీర్చుదామంటే ఎవరి మొహమో తెలియాలి. ముందు నిలబడనీ అని ఆయన అన్న మాట గుర్తొచ్చి ఎవరో ఒకరు వస్తారులే అని మెత్తుతూ పోయాను. ఎవరూ రాలేదు. ఒక కన్ను పైకి, ఒకటి కిందికి. మూతి ఒక పక్కకి లాక్కుపోయింది. రూతు చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరన్నయ్యా ఈయన? చీరాల స్టేషన్లో రైలు తప్పిపోయినోడిలా ఉన్నాడు."

వాళ్ల నాన్న పోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను. ఇక వదిలేసి ఉంటే సరిపోయేది, సాంబయ్య ఎట్టా ఉన్నా సరే అన్నాడు కదా. కాని అప్పుడు ఎడమ చెవి దగ్గర ఏదో అయింది. కుడి చెవి ముద్దలా పెట్టేశాను. ఎడమది పెడుతుంటే వేలి కింద ఒక మడత దానంతటదే వచ్చింది. నిజం చెవికి ఉండే మడతే. లోపలి గుంట, పైన వంపు ఎలా ఉంటాయో తెలియక నా చెవినే తడుముకున్నాను. ఇన్నేళ్లూ మోస్తున్న చెవి, అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. తడుముకుంటూ, మెత్తుతూ, చెరుపుతూ కూర్చున్నాను. రూతు భోజనానికి పిలిచిందట. మళ్లీ పిలిచిందట. వినపడలేదు. తల ఎత్తేసరికి వసారాలో ఎండ పోయింది.

ఆ చెవి రోడ్డు వైపు ఉండేది కాదు. గట్టు వైపు ఉండేది, అదీ తలపాగా కింద. ఎవరూ చూడరు. చేనుకి దానివల్ల ఒక కాయ ఎక్కువ కాయదు. నేను దిష్టిని నమ్మేవాణ్ణీ కాదు, కళాకారుణ్ణీ కాదు. ఎందుకు చేశానని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. బాగుందని కూడా చెప్పలేను. చెవి తయారైంది, అంతే.

మర్నాడు కొత్తదాన్ని చేలో నిలబెట్టాం. సాంబయ్య దాన్ని చూసి చేతులు చరిచాడు. "ఇది దిష్టిబొమ్మంటే! దీన్ని చూస్తే నాకే భయమేస్తంది." కాపరి కోసం మళ్లీ వచ్చిన మాస్టారు మర్యాదకి దాని భుజాల కుట్టు మెచ్చుకున్నాడు.

బాబాయి బొమ్మని పెకిలించాం. మొహంలో ముక్కు లేదు, కనుబొమ్మలు లేవు. పెదవి ఉంది, గడ్డం ఎత్తిన తీరు ఉంది. ప్రదర్శనలో పక్కన ఒక అట్ట మీద పేరు రాసి పెట్టాలట. మాస్టారు పెన్ను తీశాడు. కాపరి అని రాయనా అన్నాడు. సాంబయ్య, "అది నేను" అన్నాడు. నేను దిష్టిబొమ్మ అనబోయి, పక్కన ఇంకో దిష్టిబొమ్మ ఉందని ఊరుకున్నాను. రూతు దానికి చొక్కా గుండీలు పెడుతూ ఉంది, తండ్రికి పెట్టినట్టు. పేరు ఏమీ రాయలేదు.

"ముక్కు నేను చేసి పెడతానమ్మా, తెలియకుండా కలిసిపోతుంది" అన్నాడు మాస్టారు.

"వద్దు మాస్టారూ. ఇంతవరకు నాన్నది" అంది రూతు.

ఆటోలో పడుకోబెడదామంటే మెడ వంగలేదు. చివరికి రూతు పక్కనే కూర్చోబెట్టి నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఆటో గతుకుల్లో ఊగినప్పుడల్లా అది తల ఎత్తి ఆటో టాపుని చూస్తూ వెళ్లింది. సాంబయ్య ఆ వైపు చూడలేదు. ఆకాశం చూశాడు. ఒక్క మబ్బు లేదు.

ప్రదర్శనకి నేను వెళ్లలేదు. రూతు వెళ్లింది. జనం ఆగి చూశారట, ఒకాయన కాపరి చూస్తున్న వైపే పైకి చూసి పైన ఏముందని అడిగాడట. ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఇప్పుడు అది వాళ్ల వసారాలో గోడకి ఆనించి ఉంది. మంచు తగలదు. చెదలు పట్టకుండా కింద ఇటుకలు పెట్టింది. మా గోడ మీంచి చూస్తే కనపడుతుంది. ఒక్కోసారి కాపరిలా, ఒక్కోసారి సాంబయ్యలా ఉంటుంది. మొన్న కరెంటు పోయినప్పుడు గోనెపట్టాలా ఉంది.

రూతుకి కావలసింది దక్కింది. సాంబయ్య చేను ఆఖరి కోతకి వచ్చింది. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు. తికమక నా ఒక్కడికే మిగిలింది. ఆ చెవి బయట ఉంది.

మార్చి ఏడు, శుక్రవారం. ఈ రోజుల్లో రాకూడదు గాని మంచు పట్టింది. పనికి వెళ్తూ చేను దగ్గర సైకిలు ఆపాను. మిరప చెట్లు సగం దాకా కనపడుతున్నాయి, పైన అంతా తెలుపు. అందులో రైలు తప్పిపోయిన పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. తలపాగా పక్కకి తప్పుకుంది. ఎడమ చెవి నానింది, పైన వంపు జారింది. చుట్టూ ఎవరూ లేరు. సంచిలో అన్నం క్యారేజీ పక్కన చిన్న గిన్నె ఉంది, నేనే పెట్టుకున్నాను. రాత్రి ఉడికించిన జిగురు ఇంకా కొంచెం వెచ్చగా ఉంది. వేలు తడి చేసుకుని జారిన వంపు కింద మెల్లగా రుద్దడం మొదలుపెట్టాను.